డిప్రెషన్‌కి మందులు వాడుతుంటే అన్నం సయించట్లేదా? ఆకలి వేసేదాకా ఆగకండి

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను తల్లీ. ఇరవై నాలుగేళ్ళన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. డిప్రెషన్ అని డాక్టర్ గారు ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు, మొదలుపెట్టి మూడు వారాలైంది, నిద్ర కాస్త పర్లేదు గానీ అన్నం మాత్రం సయించట్లేదు, కంచం చూస్తేనే వికారం, రెండు నెలల్లో 56 కిలోల నుంచి 52కి వచ్చేశావు, అమ్మేమో ముద్దలు కలిపి వెంటపడుతోంది. ఇదంతా మాత్ర వల్లేనా, మానేస్తే ఆకలి వస్తుందా, పక్కింటావిడ చెప్పిన ఆకలి సిరప్ తాగొచ్చా, ఇవీ నువ్వడిగినవి.

నేను డైటీషియన్ని. గుంటూరు, విజయవాడల్లో పదహారేళ్ళుగా చేస్తున్నా, అందులో తొమ్మిదేళ్ళు సైకియాట్రీ వార్డు ఉన్న ఆసుపత్రిలోనే. అంతకన్నా ముఖ్యంగా మా సొంత తమ్ముడు డిప్రెషన్‌తో ఐదు వారాలు మా ఇంట్లో ఉన్నాడు, నీకు చెప్పబోయేవాటిలో సగం వాడి దగ్గర నేర్చుకున్నవే.

ముందు మాత్ర మానేయకు. ఇది చెప్పేసి మిగతాది చెప్తా. ఈ రకం మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే కళ్ళు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు, నిద్ర పాడవడం, మళ్ళీ అదే వికారం ఇలాంటివి రావచ్చు, పైగా జబ్బు మళ్ళీ మొదటికి రావచ్చు. మార్చాలన్నా తగ్గించాలన్నా డాక్టర్ గారే చేయాలి.

ఇంక మాత్ర వల్లేనా అన్నదానికి లెక్క నువ్వే రాశావు చూడు. బరువు తగ్గడం రెండు నెలల నుంచి, మాత్ర మూడు వారాల నుంచి. అంటే మొదటి ఐదు వారాలు ఏ మాత్రా లేకుండానే తగ్గావు కదా. అది జబ్బు చేసిన పని. ఆకలి అనేది కడుపులో పుట్టినా అది తెలిసేది మెదడులో, డిప్రెషన్‌లో ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు ఎక్కువై ఆ కబురు సరిగ్గా అందదు, అందినా తినాలన్న ఆశ పుట్టదు. ఇష్టమైన పాట విన్నా ఏమీ అనిపించట్లేదని చాలామంది చెప్తారు, గుత్తొంకాయ కూర చూసినా ఏమీ అనిపించకపోవడం కూడా సరిగ్గా అదే. కొంతమందికి దీనికి తిరగబడి విపరీతంగా తినేయాలనిపిస్తుంది, అది కూడా ఈ జబ్బే.

మాత్ర పాత్ర అస్సలు లేదని కాదు. ఈ మాత్రలు పెంచే సెరటోనిన్ అనే రసాయనం మెదడుకే సంబంధించింది అనుకుంటాం గానీ ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి తొంభై వంతులు పేగుల్లోనే ఉంటుంది, ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ లాంటివి మొదలెట్టగానే కడుపులో తిప్పినట్టు ఉండటం అందుకే. ఈ వికారం ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. నీకు మూడు వారాలైనా ఉందంటే డాక్టర్ గారికి చెప్పి తీరాలి. నువ్వు పరగడుపున వేసుకుంటున్నానన్నావు, అది మార్చు, ఏదైనా తిన్నాక వేస్కో, కనీసం రెండు ఇడ్లీలు, లేదా ఒక అరటిపండు సగం గ్లాసు పాలు. తిన్నాక కూడా తిప్పుతుంటే రాత్రి పడుకునే ముందుకి మార్చొచ్చా అని అడుగు, చాలామందికి అలా మారుస్తారు. వికారానికని వాంతుల మాత్ర మాత్రం సొంతంగా కొనుక్కోకు, వాటిలో కొన్ని ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే గుండె లయ మీద ప్రభావం చూపిస్తాయి.

ఆకలి సిరప్ సంగతి కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే దీని వల్ల మా ఇంట్లోనే దెబ్బతిన్నాం. మా తమ్ముడు తినట్లేదని మా అమ్మ వీధి చివర మందుల షాపుకి వెళ్ళి అడిగితే చీటీ ఏమీ లేకుండానే ఒక సీసా ఇచ్చారు, రోజుకి రెండుసార్లు రెండు చెంచాలు అన్నారు. వాడు మగతగా పడి ఉండేవాడు గానీ నిజంగానే కాస్త తిన్నాడు, మా అమ్మ సంతోషపడింది. పది రోజులకి మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకోవడం, మళ్ళీ కళ్ళలో నీళ్ళు. అప్పుడు డాక్టర్ గారు ఇంకేమైనా వాడుతున్నారా అని గుచ్చి గుచ్చి అడిగితే సీసా బయటికొచ్చింది. మన దగ్గర ఆకలి సిరప్ అని అమ్మేవాటిలో చాలావాటిలో ఉండేది సిప్రోహెప్టడిన్, అది సెరటోనిన్ పనికి అడ్డుపడే మందు. నీకిచ్చిన మాత్ర సెరటోనిన్‌ని పెంచి పనిచేయాలి, ఈ సిరప్ దాన్ని అడ్డుకుంటుంది, ఒకటి నీళ్ళు పోస్తుంటే ఇంకోటి కింద తూము తీసినట్టు. ఆయన వెంటనే ఆపించారు. పిల్లలకి కూడా ఇస్తారు కదా, ఏమవుతుంది అనుకుంటాం, నేనూ అప్పుడు సీసా వెనక చూడలేదు, డైటీషియన్‌ని అయ్యుండీ. పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పుంటుంది, కానీ వద్దు. ఆకలికి మందే కావాలంటే డాక్టర్ గారి దగ్గర వేరే దారులున్నాయి, మిర్టజపిన్ అనే డిప్రెషన్ మందు రాత్రిపూట ఇస్తారు, అది నిద్ర పట్టిస్తుంది ఆకలీ పెంచుతుంది. బుప్రోపియాన్ లాంటి డిప్రెషన్ మందులు ఆకలి ఇంకా తగ్గిస్తాయి. కాబట్టి నువ్వు బరువు సంగతి చెప్తేనే ఆయన ఏది సరిపోతుందో చూసుకోగలరు, చెప్పకపోతే ఎలా తెలుస్తుంది.

ఇప్పుడు తిండి.

మా తమ్ముడు వచ్చినప్పుడు నేను చాలా పద్ధతిగా చార్టు రాసి ఫ్రిజ్ మీద అతికించా, ఏడింటికి ఇది, తొమ్మిదికి ఇది, మధ్యాహ్నం అన్నం పప్పు కూర పెరుగు గుడ్డు. వాడు పాపం కాదనేవాడు కాదు, కూర్చునేవాడు, అన్నం కలిపేవాడు, ముద్ద చేసేవాడు, నోటి దాకా తెచ్చి మళ్ళీ కంచంలో పెట్టేవాడు. ముప్పావు గంటైనా కంచం అలాగే ఉండేది, అంచున మెతుకులు ఎండిపోయి అతుక్కుపోయేవి, చేతికి పప్పు ఎండిపోయేది. చివరికి సారీ అక్కా అని లేచిపోయేవాడు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, మా పాపకి అప్పుడు మూడేళ్ళు, దానికి పెరుగన్నం పెట్టే బుల్లి స్టీలు గిన్నె ఒకటి ఉండేది, అది వదిలేసిన నాలుగు చెంచాల పెరుగన్నం గిన్నెతో సహా వంటింటి గట్టు మీద ఉంది. నీళ్ళ కోసం వచ్చిన వాడు నిలబడే ఆ నాలుగు చెంచాలూ తినేశాడు. నేను గుమ్మంలో ఆగిపోయా. మాట్లాడలేదు. మర్నాటి నుంచి వాడికి కంచం తీసేసి ఆ గిన్నెలోనే పెట్టడం మొదలుపెట్టా, నాలుగంటే నాలుగు చెంచాలు, కావాలంటే ఇంకోసారి, లేదంటే లేదు. వాడికి అడ్డమైంది అన్నం కాదు, నిండు కంచం. అంత తినలేను అని చూడగానే మనసు ఓడిపోతుంది, ఓడిపోయాక ఒక్క ముద్ద కూడా దిగదు. ఇప్పటికీ వార్డులో మొదటి వారం అందరికీ చిన్న కటోరీల్లోనే పెట్టిస్తా.

నీకు నేను చెప్పేది ఇదే, ఆకలి వేస్తే తిందాం అని కూర్చోకు. నీకు ఇప్పుడు ఆకలి చెప్పే గంట మోగట్లేదు, అందుకని గోడ గడియారాన్ని పెట్టుకో. రెండున్నర మూడు గంటలకోసారి ఫోన్‌లో అలారం, మోగగానే నాలుగైదు చెంచాలు ఏదైనా. మాత్రకి ఆకలి వేస్తే వేసుకుంటున్నావా, టైమ్‌కి వేసుకుంటున్నావు కదా, కొన్నాళ్ళు తిండి కూడా అలాగే. కొన్ని రోజులు సరిగ్గా తినకపోతే కడుపు కూడా మెల్లగా ఖాళీ అవ్వడం మొదలుపెడుతుంది, రెండు ముద్దలకే నిండిపోయినట్టు ఉంటుంది, అది చూసి ఇంకా తగ్గిస్తాం. కొద్ది కొద్దిగా పంపిస్తూ ఉంటేనే అది మళ్ళీ దారిలోకి వస్తుంది.

కొంచెమే తింటావు కాబట్టి ఆ కొంచెంలో సత్తువ ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, ఒంట్లో బాలేదు కదా అని పల్చటి చారన్నం, బ్రెడ్డు, గ్లూకోజు నీళ్ళు, అవి కడుపు నింపుతాయి గానీ ఒంటికి ఏమీ పట్టదు. ఒక ఉడికించిన గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, గుప్పెడు పల్లీలు అంటే 30 గ్రాముల్లో 7 గ్రాముల పైనే, 170 క్యాలరీల దాకా. టీస్పూన్ నెయ్యి 45 క్యాలరీలు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, నీకైతే 43 నుంచి 46 గ్రాములు అనుకో. మొదటి వారంలోనే అంత తినాలని లేదు, ఎటు వెళ్తున్నామో తెలియడానికి చెప్తున్నా.

చారన్నమే దిగుతుందంటే చారన్నమే తిను, కానీ అందులో ముద్దపప్పు రెండు చెంచాలు మెదిపి నెయ్యి వేసుకో. పెరుగన్నంలో నీళ్ళ బదులు పాలు పోసి కలుపు. రాగి జావ నీళ్ళతో కాకుండా పాలతో కాచి బెల్లం వేస్కో. పెసరకట్టు చేసుకో, తాగేయొచ్చు, నమలక్కర్లేదు. నమలడమే పెద్ద పనిగా అనిపించే రోజులుంటాయి, ముద్ద నోట్లో దూదిలా తిరుగుతూనే ఉంటుంది, ఆ రోజుల్లో తాగేవాటి మీదే గడిపినా తప్పు లేదు, పాలు, లస్సీ, అరటిపండు పాలు కలిపి మిక్సీ పట్టింది, గుడ్డు కొట్టి పోసిన సూపు. అమ్మ సున్నుండలు చేస్తుందన్నావు, మంచం పక్కన చిన్న డబ్బాలో పెట్టుకో, మినుములు బెల్లం నెయ్యి, ఇంతకన్నా గట్టి మందు నేను రాయలేను, సగం సున్నుండ చాలు ఒకసారికి. పల్లీ పట్టీ కూడా అంతే. నోరు చేదుగా ఉంటే నాలుక శుభ్రంగా గీసుకుని, తినే ముందు ఉప్పు నిమ్మకాయ నీళ్ళు పుక్కిలించి, ముద్దలోకి కాస్త ఉసిరికాయ పచ్చడో చింతకాయ పచ్చడో నాలిక్కి తగిలించుకుంటే పులుపుకి లాలాజలం ఊరుతుంది, దాంతో పాటు నాలుగు ముద్దలు వెళ్తాయి. పచ్చడే కూరగా తినేయకు, ఖాళీ కడుపులో మండుతుంది.

వికారం ఎక్కువున్నవాళ్ళకి పోపు వాసన పడదు. అమ్మ తాలింపు వేసే టైమ్‌కి మేడ మీదకో వాకిట్లోకో వెళ్ళిపో, వంటయ్యి వాసన పోయాక రా. వేడి వేడి అన్నం కన్నా చల్లారినవి వాసన తక్కువ కొడతాయి, అందుకే చాలామందికి పెరుగన్నం, చల్లారిన ఇడ్లీ, అటుకులు పెరుగు దిగుతాయి. నీళ్ళు ముద్ద ముద్దకీ తాగకు, మధ్యలో తాగు. టీలు కాఫీలు రోజుకి ఐదారు తాగుతున్నావేమో చూస్కో, వార్డులో తినట్లేదు అని వచ్చినవాళ్ళని అడిగితే సగం మంది టీల మీద బతుకుతుంటారు, అది ఉన్న ఆకలి చంపేస్తుంది, తిన్నదాంట్లో ఐరన్ కూడా పట్టనివ్వదు. రెండుకి తగ్గించు, తిన్న గంట తర్వాత తాగు. విరేచనం సరిగ్గా అవుతోందా అన్నది కూడా ముఖ్యం, నాలుగు రోజులు కాకపోతే ఎవరికైనా ఏం ఆకలి వేస్తుంది, సిగ్గుపడకుండా డాక్టర్ గారికి చెప్పు.

పొద్దున అస్సలు దిగట్లేదన్నావు. డిప్రెషన్‌లో చాలామందికి తెల్లవారుజామున, పొద్దున పూట బాగా భారంగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది, నువ్వు ఏ టైమ్‌లో తేలిగ్గా ఉంటావో నాలుగు రోజులు గమనించు, రోజులో పెద్ద తిండి ఆ టైమ్‌కి పెట్టుకో. మా వాడికి సాయంత్రం ఐదున్నర ఆరు. పొద్దున పాలు గుడ్డుతో సరిపెట్టి, సాయంత్రం పది నిమిషాలు వీధి చివరిదాకా నడిచొచ్చాక పెసరట్టు వేసిచ్చేదాన్ని. టిఫిన్ సాయంత్రం ఏంటి అని మా అమ్మ గొణిగేది. ఏ పూట ఏం తినాలన్న పట్టింపులు ఈ రెండు నెలలు పక్కన పెట్టెయ్యండి. ఫోన్ చూస్తూ తినొద్దని మామూలుగా అందరికీ చెప్తా, నీకు మాత్రం చూస్తూనే తినమంటున్నా, ధ్యాస ముద్ద మీద లేకపోతే ముద్ద దిగుతుందంటే అలాగే తిను.

ఉపవాసాలు వద్దు. శనివారం ఒంటిపూట, కార్తీక సోమవారాలు, మొక్కులు, ఏవైనా సరే. వార్డులో చాలామంది ఆడవాళ్ళు తినలేకపోవడాన్ని ఉపవాసం వెనక దాచేస్తారు, ఇంట్లోవాళ్ళు భక్తి అనుకుంటారు, నెలల తరబడి ఎవరికీ తెలీదు. దేవుడికి తర్వాత చెల్లించుకోవచ్చు. ఇంకోటి, సన్నబడ్డావు బాగున్నావు అని ఎవరైనా అంటే ఆ మాట లోపలికి తీసుకోకు, ఒకవేళ తగ్గినందుకు నీకే లోపల సంతోషంగా ఉండి తినబుద్ధి కాకపోతే అది కూడా డాక్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పు, అప్పుడు వైద్యం వేరేలా ఉంటుంది.

ఇప్పుడు నీ బరువు. నెలలో ఒంటి బరువులో నూటికి 5 వంతులు మారితే డిప్రెషన్ నిర్ధారణలోనే దాన్నొక లక్షణంగా లెక్కేస్తారు. నీకు రెండు నెలల్లో 7 వంతులు పోయింది. భయపడాల్సినంత కాదు, కానీ వచ్చే నెల అపాయింట్‌మెంటు దాకా ఆగేది కూడా కాదు, ఈ వారంలోనే వెళ్ళు. రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగరు, సోడియం చూస్తారు, థైరాయిడ్ తేడా వల్ల కూడా మనసు కుంగుతుంది, బరువూ మారుతుంది. బరువు వారానికి ఒక్కసారే చూస్కో, ఒకే మిషన్ మీద, పొద్దున లేవగానే. రోజూ ఎక్కితే వంద గ్రాములకి కూడా మనసు పాడవుతుంది.

ఇవి కనిపిస్తే మాత్రం వారం కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి: నీళ్ళు కూడా ఇమడకపోవడం, రోజంతా మూత్రం రాకపోవడం లేదా ముదురు రంగులో కొద్దిగా రావడం, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం, రెండు రోజులు దాదాపు ఏమీ తినకపోవడం, మనిషి తికమకగా మాట్లాడటం. ఐదారు రోజులు ఏమీ తినని మనిషికి ఇంట్లో ఒక్కసారిగా కడుపునిండా పెట్టేయకూడదు, రక్తంలో ఫాస్ఫరస్ లాంటివి పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది, ఆసుపత్రిలో విటమిన్ బి1 ఇచ్చి మెల్లగా మొదలుపెడతారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఇదే పరిస్థితి వస్తే ఇంకా జాగ్రత్త, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రో ఇన్సులినో వేసుకుని అన్నం తినకపోతే షుగరు పడిపోతుంది, మూడ్ మార్పులకి ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్ళు తిండీ నీళ్ళూ మానేస్తే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది, చేతులు వణకడం, వాంతులు, తూలడం కనిపిస్తే ఆగకూడదు. బతకడం ఎందుకు, తినడం ఎందుకు అనే ఆలోచన నీకు వస్తే అది తిండి సమస్య కాదు తల్లీ, అప్పుడు నా సమాధానాలు చదవకు, అమ్మని లేపు, 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు.

అమ్మకి ఈ పేరా చదివి వినిపించు. అమ్మా, మీ బాధ నాకు తెలుసు, కన్నబిడ్డ ఎంగిలి పడకుండా పడుకుంటే మీకు మాత్రం ముద్ద దిగుతుందా. కానీ తిను తిను అన్నప్పుడల్లా ఆ పిల్లకి నేను అమ్మని ఏడిపిస్తున్నాను అనే వినిపిస్తుంది, కంచం అంటేనే భయం పడుతుంది. చిన్న గిన్నెలో పెట్టి పక్కన పెట్టండి, పదిహేను నిమిషాలాగి తీసేయండి, మిగిలిందా అని చూడకండి, మిగిలితే మాట్లాడకండి, మీరు కూడా పక్కన కూర్చుని మీది మీరు తింటూ సీరియల్ గురించో పక్కింటి పెళ్ళి గురించో మాట్లాడండి. రోజులో ఒక్క పూటైనా తిండి మాట లేకుండా తనతో కూర్చోండి.

మూడు వారాలకి నిద్ర కుదురుకుంటోందన్నావు చూశావా, అది మంచి సూచన, చాలామందికి ముందు నిద్ర, తర్వాత ఆకలి, ఆ తర్వాతే మనసు తేరుకుంటుంది, మందు పూర్తిగా పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా తమ్ముడికి నాలుగో వారం చివర్లో ఒకరోజు సాయంత్రం ఆ బుల్లి గిన్నె పట్టుకొచ్చి, అక్కా ఇది సరిపోవట్లేదు అన్నాడు.

డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రాసుకెళ్ళు, అక్కడ కూర్చున్నాక అన్నీ మర్చిపోతాం: రెండు నెలల కిందటి బరువు, ఇప్పటి బరువు, వికారం ఏ టైమ్‌లో, మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు, నిన్నంతా ఏం తిన్నావు, నెలసరి సరిగ్గా వస్తోందా. ఆ సిరప్ గానీ, ఆకుపసరు మందు గానీ, ఇంకే మాత్ర గానీ ఇప్పటికే ఒకటి రెండుసార్లు వేసుకునుంటే సీసాతో సహా పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టు.